విజయ ఇంటి ఇనుప స్టాండు

మోతెలో విజయ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు ఆ టీవీ స్టాండు చూసి నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు? రైస్ మిల్లులో మోటారు కింద వేసే చట్రంలా ఉంటుంది. నాలుగు మందపు ఇనుప యాంగిల్స్, మధ్యలో రెండు రేకులు, పైన నల్ల రంగు. గోడలోకి బోల్టులు దింపి సిమెంటు పోశారు. అద్దం లేదు, సొరుగు లేదు, తలుపు లేదు. "ఏంది టీచరమ్మా, సూర్యాపేటల గంత మంచి మంచి మోడల్స్ దొర్కుతుంటె ఈ ఇనుపదేంది?" అని అడుగుతారు. "మా ఇంటికి గిదే సరిపోయింది" అంటుంది విజయ, చాయ్ గ్లాసు చేతికిస్తూ.

నాకు మాత్రం నవ్వు రాదు. ఆ స్టాండు చేయించిన రోజు పక్కన ఉన్నది నేను. అంతకు ముందు రెండు స్టాండ్లు కొన్నప్పుడు పక్కన ఉన్నదీ నేనే. నా పేరు జానమ్మ. ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా బడి గోడను ఆనుకునే విజయ నడిపే అంగన్‌వాడీ ఉంటుంది. మా ఇళ్లు కూడా పక్క పక్కనే. కాబట్టి ఆ ఇంట్లో పగిలిన ప్రతి వస్తువు చప్పుడూ నా చెవిన పడింది.

విజయ భర్త పరశురాములుకు గొర్లు ఉండేవి. పనిమంతుడు. తాగడు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే మొగుడు కొట్టాడనగానే జనం "తాగి కొట్టిండా?" అని అడుగుతారు. తాగి కొట్టాడంటే సగం తప్పు మాఫీ చేసేస్తారు. ఇతను మంచినీళ్లు తాగి కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే కొట్టాడు, తక్కువైనా కొట్టాడు. విజయ సర్వేకు పోయి ఆలస్యంగా వస్తే కొట్టాడు. గొర్రెపిల్ల రోగమొచ్చి చచ్చిపోతే దానికీ ఈమెనే కొట్టాడు. 2003 ఎండాకాలంలో ఒక పొద్దున గొర్లు తోలే కట్టె తీసుకుని మోచేతి మీద వేశాడు. విరిగిన చప్పుడు మా వాకిట్లోకి వినబడింది. కట్టె విరిగిందనుకుంటూ పరుగెత్తాను. కట్టెకేమీ కాలేదు.

అప్పుడు కులపెద్ద ఉప్పలయ్య ఇంట్లో పంచాయతి పెట్టారు. ముందు గదిలో గొర్రెబొచ్చు గొంగడి పరిచారు. గొర్లు కాసే వాళ్ల కులంలో గొంగడి మీద చెయ్యి పెట్టి చెప్పిన మాటంటే మాటే. తప్పినవాడి ఇంటికి ఎవరూ పోరు, పిలవరు, నిప్పు కూడా ఇవ్వరు. నేను వాళ్ల కులం కాదు, మేం చర్చికి పోయేవాళ్లం. అయినా విజయకు తోడుగా గడప దగ్గర నిలబడ్డాను. ఆమె చేతికి తెల్ల కట్టు. చంకలో రెండేళ్ల నీలా.

ఉప్పలయ్య గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "అరేయ్ పరశురాములూ, మగోడన్నంక కోపమొస్తది. రాదని ఎవడంటడు? కాని ఇగ నుంచి ఆడమనిషి ఒంటి మీద నీ చెయ్యి వడొద్దు. కోపమొస్తె సామాను మీద సూపియ్యి. సామానుదేముంది, మల్ల తెచ్చుకోవచ్చు."

పరశురాములు గొంగడి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. కూర్చున్నవాళ్లంతా తలలూపారు. ఎంత తెలివైన తీర్పు అన్నారు. నిజం చెప్పొద్దూ, విజయ కూడా బతికిపోయాననుకుంది. లోపలి గుమ్మం దగ్గర ఉప్పలయ్య భార్య నాంచారమ్మ ఒక్కతే తల ఊపలేదు. ఆమె ఎడమ కనుబొమ్మను చీల్చుకుంటూ పాత మచ్చ ఒకటి ఉండేది. దాని సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు విజయ తన జీతంతో కలర్ టీవీ కొన్నది. దానికి స్టాండు కావాలని నన్ను వెంటబెట్టుకుని సూర్యాపేట పోయింది. హీరాలాల్ షాపు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, పనివాళ్లతో ఒక్కొక్కటీ ముందుకు జరిపించాడు. "అమ్మా, యే దేఖో. మొత్తం గ్లాస్. కొత్త మోడల్. కింద చక్రాలున్నయ్, ఊడ్చేటప్పుడు ఇట్ల జరుపుకోవచ్చు." విజయ దాని చుట్టూ తిరిగింది. వేలితో తోసి చూసింది. అది జారుతుంటే చిన్నపిల్లలా నవ్వింది. పై అద్దం మీద ఊది, కొంగుతో తుడిచి, వంగి చూసుకుంది. "నా మొకం కనవడుతుంది జానక్కా" అన్నది. ఆ రోజు ఆమె స్టాండు ఎంచుకున్న తీరు అది. అందం చూసి, ముచ్చటపడి, అందరూ ఎంచుకునేటట్టే.

పరశురాములుకు టీవీ అంటే ప్రాణమైంది. క్రికెట్ వస్తే గొర్లను తమ్ముడికి వదిలేసి మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఒట్టు మాత్రం తప్పలేదు. పళ్లేలు విసిరాడు, కుండలు పగలగొట్టాడు, కుర్చీ కాళ్లు విరిచాడు. విజయ ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. కుండ ఆమె చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలి ముక్కలయ్యేది. ఊళ్లో మాత్రం "వాడు మాట మీద నిలవడ్డ మనిషి" అని చెప్పుకునేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. మ్యాచ్ ఓడిపోతున్నది. అన్నం ఆలస్యమైంది. మామూలు అరుపులే అనుకుని కిటికీలోంచి చూశాను. పరశురాములు లేచాడు. ప్లగ్గు పీకాడు. టీవీని రెండు చేతులతో జాగ్రత్తగా, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పెట్టాడు. దుమ్ము పడకుండా తువ్వాల కప్పాడు. తర్వాత మూలనున్న రోకలి తీసుకుని స్టాండు మీద పడ్డాడు.

ఆ మనిషికి కోపమొస్తే ఒళ్లు తెలియదని అందరూ అనేవారు. టీవీ దించి తువ్వాల కప్పేంతసేపు ఆ కోపం ఎక్కడ కూర్చుని ఉన్నదో నాకు ఎవరైనా చెబితే వినాలని ఉంది.

మొదటి దెబ్బకు పై అద్దం పేలిపోయింది. రెండో దెబ్బకు కింద అద్దాలు, వాటి మీది గిన్నెలు, నీలా పలక, అన్నీ. నేను పోయేసరికి గది నిండా పెంకులు. నీలా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. కాలి పిక్కలో వేలంత అద్దం ముక్క దిగి ఉంది. రక్తం మడమ దాకా కారి నేల మీద మడుగైంది. విజయ బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి, అప్పుడు అరిచింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సూర్యాపేట దవాఖానలో కుట్లు వేయించుకుని, తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఉప్పలయ్య ఇంటికే పోయాం. ఆయన నీలా కాలు చూశాడు. అయ్యో అన్నాడు. తర్వాత అడిగాడు. "వాడు చెయ్యేసిండా?"

"ఎయ్యలే మామా. అద్దం వచ్చి..."

"మరి పెంకు ఎగిరింది బిడ్డా. వాడు కొట్టలే గద? ఒట్టు ఒట్టు తీర్గనే ఉన్నది."

నేను నోటికొచ్చినట్టు అనబోతే విజయ నా చెయ్యి నొక్కింది. ఇంటి ముందుకొచ్చాక అన్నది, "ఇగ నేనే సూసుకోవాలె అక్కా."

రెండో స్టాండు కోసం కోదాడ పోయాం. అక్కడ చెక్కవి బాగుంటాయని ఎవరో చెప్పారు. ఈసారి ఆమె ఎంపిక చూస్తే నాకే భయమేసింది. రంగు చూడలేదు. ప్రతి స్టాండునూ వెనక్కి తిప్పించింది. మూలల మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి చూసుకుంది. కాళ్లు పట్టుకుని పీకింది. తలుపులు తెరిచి అటూ ఇటూ ఊపింది. షాపాయన నోరెళ్లబెట్టాడు.

"ఇది వగిల్తె ముక్కలు ఏ దిక్కు ఎగుర్తయి?" అని అడిగింది.

"అదేంటమ్మా, కొనకముందే పగలడం గురించి అడుగుతారు? మా వస్తువు పదేళ్లు చెక్కుచెదరదండీ. అంతగా పగలగొట్టేవాళ్లు ఎవరుంటారండీ ఇంట్లో?"

విజయ పక్క స్టాండు మూల తడిమి చూసింది. ఆఖరికి మూలలు గుండ్రంగా ఉన్న చెక్క స్టాండు ఒకటి నచ్చింది. అద్దం ముక్క కూడా లేదు. ఒక్క సొరుగు ఉంది. "సొరుగు లేనిది ఉందా?" అని అడిగితే, "సొరుగు లేకుండా ఇప్పుడెవరూ చెయ్యట్లేదండీ" అన్నాడు. చాలాసేపు ఆ సొరుగు లాగుతూ మూస్తూ నిలబడింది. చివరికి ఒప్పుకుంది.

అది కొన్నాళ్లు బాగానే నిలిచింది. 2008 వానాకాలంలో నీలాను హాస్టల్లో వేసి చదివిస్తానని విజయ అన్న రోజున దానికి మూడింది. అదే వరస. టీవీ మంచం మీదికి, దాని మీద తువ్వాల. తర్వాత కాలితో తన్నాడు. చెక్క పగలలేదు. మళ్లీ తన్నాడు. ఊగింది గానీ పగలలేదు. అప్పుడు సొరుగు ఊడబెరికి, తలుపు వైపు పోతున్న విజయ మీదికి విసిరాడు. దాని మూల వచ్చి ఆమె నుదుటి పైన దిగింది. అట్లాగే కూలిపోయింది. నేను చూసేసరికి జుట్టంతా రక్తంతో ముద్దకట్టి ఉంది. చెక్కలో ఉన్న మొల ఒకటి చర్మం చీల్చుకుంటూ పోయింది.

ఆటో పిలుచుకొచ్చింది పరశురాములే. దవాఖాన దాకా మా పక్కనే కూర్చున్నాడు. ఆమె తల నా ఒళ్లో ఉంది, నా చీర తడిసిపోతున్నది. అతను నా వైపు తిరిగి, చాలా నిజాయితీగా అన్నాడు. "సొరుగు తాకింది టీచరమ్మా. నేను ముట్టుకోలే. కావాల్నంటె ఆమెనే అడుగు."

కుట్లు మానాక విజయ ఇల్లంతా మార్చేసింది. అప్పటికి పాత ఇంటి జాగాలోనే ఆమె పేరు మీద కొత్త సర్కారు ఇల్లు వచ్చింది. ఆ ఇంట్లోకి కుర్చీలు రానివ్వలేదు, చాపలు పరిచింది. కుండలు తీసేసి అన్నీ స్టీలు గిన్నెలే పెట్టింది. రోకలి తెచ్చి మా ఇంట్లో పడేసింది. గోడ అద్దం కూడా మా ఇంటికే తెచ్చింది. రోజూ పొద్దున మా ఇంటికొచ్చి, ఆ అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకుని అంగన్‌వాడీకి బయల్దేరేది. మనిషి తన మొహం చూసుకోవడానికి పక్కింటికి రావడం మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చూశాను.

మిగిలింది టీవీ స్టాండు. మా చెల్లెలి భర్త జోసెఫ్ మిర్యాలగూడలో రైస్ మిల్లులకు వెల్డింగ్ పని చేస్తాడు. విజయను అతని దగ్గరికి తీసుకుపోయాను.

"అన్నా, గడ్డపారతోని కొట్టినా ఆగాలె" అని మొదలుపెట్టింది విజయ. "ఏదీ ఊడి చేతికి రావొద్దు. లేపితే లేవొద్దు. మూలలన్నీ గుండ్రంగ అరగదీయాలె. గోడలకు బిగియ్యాలె."

జోసెఫ్ నవ్వాడు. "చెల్లే, టీవీకి గింత ఇనుమెందుకు? దీని మీద మిల్లు మోటర్ వెట్టుకోవచ్చు." అంటూ ఆమె వైపు చూశాడు. నుదుటి పైన కుట్ల గీత కనబడింది. నవ్వు ఆపేశాడు. ఆ స్టాండు అంచుల్ని ఎంతసేపు అరగదీశాడో! నీలా దాన్ని కౌగిలించుకున్నా గీసుకోదు.

అతనే వచ్చి గోడలో బిగించి పోయాడు. పరశురాములు దాన్ని చూసి "గట్టిగనే ఉన్నది" అన్నాడు. కొన్నేళ్లు అట్లా నడిచింది. ఆ ఇంట్లో పగలడానికి ఏమీ లేక, అతను గొర్ల దొడ్డి దగ్గర తడికలు విరిచి వచ్చేవాడు. విజయ రాత్రులు నిద్రపోతున్నానని చెప్పేది.

2012లో నీలా ఆరో తరగతిలో ఉంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడు నాయిన మ్యాచ్ చూస్తుంటే చానెల్ మార్చింది. అంతే. అతను లేచాడు. ప్లగ్గు పీకాడు. టీవీ మంచం మీదికి, తువ్వాల టీవీ మీదికి. దొడ్లోంచి గడ్డపార తెచ్చాడు.

కొట్టాడు. ఖంగుమని ఇల్లంతా మోగింది. గడ్డపార ఎగిరి వెనక్కి వచ్చింది. మళ్లీ కొట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. కాలితో తన్నాడు, బొటనవేలి గోరు లేచి రక్తం చిమ్మింది. కొడుతూనే ఉన్నాడు, అరుస్తూనే ఉన్నాడు. ఇనుముకు ఒక సొట్ట కూడా పడలేదు. ఆఖరికి చేతులు తిమ్మిరెక్కి గడ్డపార జారిపోయింది. చుట్టూ చూశాడు. చాపలు, స్టీలు గిన్నెలు, నున్నటి గోడలు. "ఏం వలగ్గొట్టాలె నేను? ఆఁ? ఏం వలగ్గొట్టాలె?" అని గొంతు చించుకున్నాడు.

తర్వాత విజయ వైపు చూశాడు. చెయ్యి పైకి లేచింది. ఆమె బిడ్డను వెనక్కి నెట్టి గోడకు ఆనుకుంది. ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. గొంగడి గుర్తొచ్చిందేమో. చెయ్యి దించి, కుంటుకుంటూ నేరుగా ఉప్పలయ్య ఇంటికి నడిచాడు.

వినండి, అతను పంచాయతికి పోయింది భార్య మీద ఫిర్యాదు చెయ్యడానికి!

మర్నాడు పొద్దున్నే అందరినీ పిలిచారు. అదే గది. అదే గొంగడి. ఆ గదిలో కొత్తగా వచ్చింది ఉప్పలయ్య కొడుకు పెట్టించిన పెద్ద ఎల్‌సీడీ టీవీ. దాని కింద నల్ల అద్దాల స్టాండు, స్టీలు కాళ్లు, మూడు అరలు, అరల్లో బొమ్మలు.

పరశురాములు కట్టుకట్టిన వేలు చూపిస్తూ చెప్పుకున్నాడు. "ఈమె కావాల్నని జేసింది పెద్దయ్యా. ఇంట్ల అన్ని ఇనుమే. కోపమొస్తె నేనేడ సూపియ్యాలె? లోపల్నే ఉడుకుతంది. ఆ స్టాండన్న తీపియ్యిన్రి, లేదంటె నా ఒట్టన్న తీసెయ్యిన్రి."

ఒట్టు తీసేస్తే ఏమవుతుందో ఆ గదిలో తెలియనివారు లేరు. తొమ్మిదేళ్లు కుండల మీద, చెక్కల మీద పడ్డ చెయ్యి అది. గడ్డపార పట్టిన చెయ్యి. అయినా పెద్దలు నిజంగానే ఆలోచించారు. "వాడు చెప్పేదాంట్ల గూడ న్యాయమున్నది" అన్నాడు ఒకాయన.

ఉప్పలయ్య తేల్చేశాడు. "బిడ్డా, ఇంట్ల ఇనుము వెట్టుకుంటె సంసారం గట్లనే ఉంటది. దాన్ని పీకేసి, నలుగురి లెక్క అద్దందో చెక్కదో తెచ్చుకో. గీ మాది సూడు, ఎంత ముద్దుగున్నదో. తెచ్చుకోనంటవా, వాని ఒట్టు నేను తీసేస్త."

విజయ చాలాసేపు ఆ అద్దాల స్టాండునే చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మామా, కోపమొస్తె సామాను మీద సూపియ్యాలె అని గొంగడి మీద జెప్పినవ్. ఆ మాట మగోళ్లకేనా, అందరికా?"

ఉప్పలయ్యకు పౌరుషం వచ్చింది. "గొంగడి మీద మాటకు ఆడ మగ ఉంటదా? అందరికొకటే."

విజయ లేచింది. గొంగడి చుట్టూ తిరిగి పోయి, ఎల్‌సీడీ ప్లగ్గు పీకింది. "అత్తా, జర ఇటు వట్టు" అని పిలిచింది. లోపలి గుమ్మం దగ్గరి నుంచి నాంచారమ్మ వచ్చి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ టీవీని జాగ్రత్తగా దించి మంచం మీద పెట్టారు. నాంచారమ్మ మొగుడి భుజం మీది కండువా లాగి దాని మీద కప్పింది. ఇదంతా ఏమిటో ఆ గదిలోని మగాళ్లలో ఒక్కడికి మాత్రమే అర్థమైంది. పరశురాములు లేచి గోడకు జరిగాడు.

నాంచారమ్మ లోపలికి పోయి రోకలి తెచ్చి విజయ చేతికిచ్చింది.

మొదటి దెబ్బకు పై అద్దం తుపాకీ పేలినట్టు పేలింది. మగాళ్లంతా గొంగడి వదిలి తలుపు మీద పడ్డారు. రెండో దెబ్బ, మూడో దెబ్బ. బొమ్మలు, అరలు, కాళ్లు. ఆమె అరవలేదు, ఏడవలేదు. పళ్లు బిగబట్టి రోకలి ఎత్తి దించింది, మళ్లీ ఎత్తింది. నీలా పిక్కలో దిగిన గాజు కోసం కొట్టింది. నుదుటి మీది కుట్ల కోసం కొట్టింది. విరిగిన మోచెయ్యి ఎప్పుడూ సరిగ్గా చాపుకు రాదు, ఆ చేత్తోనే కొట్టింది. స్టీలు కాళ్లు వంగి నేల మీద పడేదాకా ఆపలేదు. కొట్టు తల్లీ, కొట్టు అని నేను పైకే అన్నానట. నాకు తెలియదు.

"నా సామాను! నా సామాను వలగ్గొడ్తవా!" అని ఉప్పలయ్య అరిచాడు. ఆయన మోకాలి కింద గాజు గుచ్చుకుని తెల్ల పంచె ఎర్రబడింది.

"పెంకు ఎగిరింది మామా" అన్నది విజయ, రొప్పుతూ. "నా చెయ్యి నీ ఒంటి మీద వడలే."

తర్వాత పరశురాములు వైపు తిరిగింది. రోకలి దించలేదు. "ఇగ ఒట్టు తీసెయ్యి మామా. అందరికొకటే అన్నవ్ గద. వానిదీ తీసెయ్యి, నాదీ తీసెయ్యి."

పరశురాములు ఆ రోకలినే చూస్తున్నాడు. చెంపల మీద చెమట కారుతున్నది. విజయ మొహంలో తొమ్మిదేళ్లు చూసిన భయాన్ని నేను ఆ రోజు అతని మొహంలో చూశాను. నాకు జాలి వెయ్యలేదు.

ఉప్పలయ్య ఒట్టు తియ్యలేదు. నాంచారమ్మ చీపురు తెచ్చి ఆయన కాళ్ల ముందు పడేసింది. "ఇన్నొద్దులు మేం ఊడ్సినం" అన్నది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి పంచాయతిలో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి అని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

పరశురాములు ఆ పూటే బట్టలు మూటగట్టుకుని తమ్ముడి ఇంటికి పోయాడు. పొమ్మని ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ నీలాను చూడాలనుకుంటే పగటిపూట వస్తాడు. వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోతాడు, గడప దాటడు.

ఆ మర్నాడు పొద్దున విజయ ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చింది. బొట్టు పెట్టుకోవడానికే అనుకుని నేను పక్కకు జరిగాను. ఆమె అద్దంలో చూసుకోలేదు. మేకు నుంచి అద్దాన్ని తీసి, కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని తన ఇంటికి పట్టుకుపోయింది.